షార్ట్రూజ్ అంటే ఏ రంగు? అద్దకం వాళ్లకు తెలుగులో ఏమని చెప్పాలి?

విభాగం: మాటలు, వాటి పుట్టుపూర్వోత్తరాలు

పడుగుపేక | సోమవారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. మాది మంగళగిరి. ఇంట్లో మగ్గాలున్నాయి, చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంటాను. డాలస్ నుంచి ఒకావిడ ఆర్డర్ పెట్టారు. "షార్ట్రూజ్ బాడీ, నిజాం బోర్డర్" అని రాశారు. ఆ రంగేమిటో ఫొటో పంపమంటే మూడు పంపారు. ఒకటి నిమ్మపండు రంగులో ఉంది, ఒకటి చిలకపచ్చ, మూడోది మన పిల్లలు రేడియం కలర్ అంటారే, అది. మూడింటి కిందా అదే పేరు!

అద్దకం ఆయన్ని అడిగితే "అమ్మా, పేరు తెలుగులో చెప్పండి, లేదా దారం ముక్క చూపించండి" అన్నారు. ఈ మాట ఎక్కడిది, అసలు రంగు ఏది, తెలుగులో దీనికి పేరుందా? తెలిసినవాళ్లు చెప్పగలరు.

వరంగల్ పోరడు | సోమవారం, ఉదయం 9:40

అక్కా, గది వైన్ రంగు గాదా? పేరు జూస్తే మెరూన్ లెక్కనే అనిపిస్తున్నది. నేనైతే ఇన్నొద్దులు గట్లనే అనుకున్న.

స్క్రీన్‌రంగులు | సోమవారం, ఉదయం 10:05

కాదు తమ్ముడూ. కానీ నువ్వొక్కడివే కాదులే. ఇంగ్లిషు ఇంటి భాషగా పెరిగినవాళ్లలో కూడా దీన్ని గులాబీ అనో ముదురెరుపు అనో ఒట్టేసి చెప్పేవాళ్లు బోలెడుమంది. బర్గండీ, బోర్డో లాంటి ఫ్రెంచి పేర్లన్నీ ఎరుపు పక్కనే ఉండటంతో చెవి అటు లాగుతుందని నా అనుమానం.

ఇది పసుపుకూ ఆకుపచ్చకూ నట్టనడిమి రంగు. వెబ్‌సైట్లు తయారుచేసే మాకు దీనికి అంకెలే ఉన్నాయి: ఎరుపు 127, ఆకుపచ్చ 255, నీలం 0. పూర్తి పసుపులో ఎరుపు 255 ఉంటుంది, పూర్తి ఆకుపచ్చలో 0. అందులో సగం 127. తమాషా ఏమిటంటే ఆ పేర్ల జాబితాలోనే "గ్రీన్‌ఎల్లో" అని ఒకటి, "ఎల్లోగ్రీన్" అని ఇంకొకటి విడివిడిగా ఉన్నాయి. మూడూ పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా ఉంటాయి కానీ ఒకటి కాదు. ఆ డాలస్ ఆవిడను తప్పు పట్టలేం.

గ్రెనోబుల్ గోపన్న | సోమవారం, మధ్యాహ్నం 2:31

ఇది నేను రాయాల్సిన పోస్టు. చదువు కోసం ఫ్రాన్సులోని గ్రెనోబుల్ వచ్చి ఇక్కడే ఉద్యోగంలో ఉండిపోయాను. ఊరికి ఉత్తరాన కిటికీలోంచి కనపడే కొండల పేరే షార్ట్రూజ్. వీళ్లు పలికేది "షార్‌త్రోజ్‌"కు దగ్గరగా ఉంటుంది. ఆ "ఓ"ని మూతి సున్నా చుట్టి "ఏ" అన్నట్టు పలకాలి, మన అక్షరాల్లో పట్టదు.

1084లో బ్రూనో అనే సన్యాసి ఆరుగురు తోడువాళ్లతో ఆ కొండల్లోకి వచ్చి మఠం కట్టుకున్నాడు. కొండల లాటిన్ పేరు కార్తూసియా. దానిమీదే ఆ సన్యాసుల శాఖకు కార్తూసియన్లు అని పేరొచ్చింది. ఎక్కువ కాలం మౌనం, ఎవరి గదిలో వాళ్లే. ఆ శాఖ మఠాలను ఇంగ్లండులో చార్టర్‌హౌస్ అంటారు, ఇటలీలో చెర్తోజా అంటారు. అన్నీ ఈ కొండ పేరుకు వచ్చిన రూపాలే.

ఇక రంగు. 1605లో ఫ్రెంచి సైన్యాధికారి దెస్త్రే పారిస్‌లోని ఈ శాఖ మఠానికి ఒక చేతిరాత ప్రతి ఇచ్చాడు. దీర్ఘాయువు ఇచ్చే మందు తయారీ అందులో ఉందట. అది అర్థం చేసుకుని పనికొచ్చేలా చేయడానికి నూరేళ్లు దాటింది. 1737లో మూలికల అరఖు తయారైంది. దాన్ని కాస్త మెత్తబరచి 1764లో ఆకుపచ్చ మద్యం చేశారు. 1838లో ఇంకా తియ్యగా, ఇంకా తేలిగ్గా పసుపు రంగుది వచ్చింది. 130 మొక్కలు పడతాయంటారు. తయారీ మొత్తం ఒకరిద్దరు సన్యాసులకే తెలుసు. 1903లో ఫ్రెంచి ప్రభుత్వం వాళ్లను దేశం నుంచి వెళ్లగొడితే స్పెయిన్‌లోని తర్రగోనాకు పోయి అక్కడ కాచారు. తిరిగొచ్చాక 1935లో కొండచరియ విరిగిపడి బట్టీ పోయింది. మళ్లీ వోయిరాన్‌లో మొదలుపెట్టారు. ఇంత జరిగినా ఆ కాగితంలో ఉన్నది బయటికి రాలేదు.

కాబట్టి అక్కా, మీ మూడు ఫొటోల గొడవ ఆ సీసాల్లోనే ఉంది. మద్యం పేరు ఒకటే, రంగులు రెండు. ఆకుపచ్చ సీసా చూసి పేరు పెట్టుకున్నవాళ్లకు ఇది ఆకుపచ్చ. పసుపు సీసా చూసినవాళ్లకు పసుపు. 1880లలో ఇంగ్లిషులో ఇది బట్టల రంగుగా వాడుకలోకి వచ్చింది. ఆ తర్వాత "షార్ట్రూజ్ గ్రీన్", "షార్ట్రూజ్ ఎల్లో" అని రెండు కూడా నడిచాయి. ఆవిడకు ఏది కావాలో అడిగి తెలుసుకోండి.

పడుగుపేక | సోమవారం, సాయంత్రం 5:18

అన్నా, చాలా థ్యాంక్స్. సన్యాసులు కాచిన సారా పేరును మంగళగిరి చీరకు పెట్టమంటున్నారన్నమాట. మా అత్తగారికి మాత్రం ఈ సంగతి చెప్పను.

వరంగల్ పోరడు | సోమవారం, సాయంత్రం 5:25

సన్యాసులు సారా కాచుడేందన్నా 😄

గ్రెనోబుల్ గోపన్న | సోమవారం, సాయంత్రం 6:02

మందుగానే మొదలైంది తమ్ముడూ. అమ్మిన డబ్బుతోనే మఠాలు నడుస్తాయి. ఈమధ్య గిరాకీ పెరిగిపోతే "మేం ఎక్కువ చేయం, మా పని ప్రార్థన" అని తయారీకి వాళ్లే హద్దు పెట్టుకున్నారు. దుకాణాల్లో సీసా దొరకడం కష్టమైపోయింది.

నిఘంటుపురుగు | సోమవారం, రాత్రి 9:47

ఫ్రాన్సు దాకా వెళ్లొచ్చారు, బాగుంది. ఇప్పుడు ఇంట్లో వెతుకుదాం. తెలుగులో దీనికి పేరుందా అని అడిగారు కదమ్మా. నన్నడిగితే ఒకప్పుడు తెలుగుకు ఈ రంగే తెలుసు, దీన్ని రెండు ముక్కలు చేసి పంచుకోవడం తర్వాత వచ్చింది. ఆ పేరు "పచ్చ".

చూడండి. పచ్చగడ్డి అంటే ఏ రంగు? పచ్చసొన ఏ రంగు? పచ్చగన్నేరు పువ్వు ఏ రంగు? ఉంగరంలో పొదిగే పచ్చ ఏ రంగు? ఒకే మాట, ఒకచోట ఆకు రంగు, ఇంకోచోట పసుపు రంగు. తేడా చెప్పాల్సి వచ్చినప్పుడే ముందు ఇంకో మాట తగిలిస్తాం: ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ. "పచ్చ" మాత్రం మొత్తానికీ చెందిన మాటగా మిగిలిపోయింది.

దీని వేరు రంగు కాదు, లేతదనం. పచ్చి, పసరు, పసి, పైరు, పసిరిక, పసుపు, పసిడి, పైడి, అన్నీ ఒకే కుదురు. పసిరిక పాము ఆకుపచ్చగా ఉంటుంది, పసిడి పసుప్పచ్చగా ఉంటుంది, పసిపాప ఏ పచ్చా కాదు. పచ్చకర్పూరం మరీ విచిత్రం, తెల్లగా ఉంటుంది! అక్కడ పచ్చ అంటే శుద్ధి చెయ్యని పచ్చిది అని. లేత ఆకు మొదట ఏ రంగులో పుడుతుందో ఒకసారి తలుచుకోండి. మామిడి, కానుగ కాదు, అవి రాగి రంగులో పుడతాయి. అరటి చూడండి, సుడి తిరిగిన లేతాకు. సరిగ్గా మీ షార్ట్రూజే.

వరంగల్ పోరడు | సోమవారం, రాత్రి 10:11

సార్, గిది నిజం. రైలుకు పచ్చజెండ ఊపిన్రంటే ఆకుపచ్చ. పచ్చచొక్కలు అంటే మాత్రం పసుపు, తెలుగుదేశమోళ్లు. ఒకే పేపర్ల, ఒకే పేజీల రెండూ ఉంటయ్, ఎవ్వనికీ తికమక గాదు.

ఉప్పుగల్లు | సోమవారం, రాత్రి 10:20

పచ్చచొక్కాల గురించి మాట్లాడాలంటే ముందు 2019లో

నిర్వాహకుడు | సోమవారం, రాత్రి 10:26

ఉప్పుగల్లు గారూ, పోస్టులో మిగతా భాగం తీసేశాను. రంగుల గురించి మాత్రమే. పార్టీలకు వేరే విభాగం ఉంది, అక్కడ కొట్టుకోండి.

మైలాపూర్ తెలుగు | మంగళవారం, ఉదయం 7:33

మూడు తరాల నుంచి మద్రాసులో ఉంటున్నాం, కాబట్టి తమిళం వైపు నుంచి రెండు మాటలు. నిఘంటుపురుగు గారు చెప్పిన కుదురు ఇక్కడా ఉంది, కానీ తమిళంలో పచ్చై అంటే ఆకుపచ్చే. పసుపు రంగుకు మంజళ్ అని వేరే మాట, అది పసుపుకొమ్ము పేరు కూడా. కన్నడంలో హసిరు అంటే ఆకుపచ్చ, హళది అంటే పసుపు. ఇరుగుపొరుగులు ఇద్దరూ ఆ మాటను ఆకుపచ్చ వైపు ఒరగనిచ్చారు. రెండు వైపులా కాలు పెట్టుకుని నిలబడింది తెలుగే.

అయితే తమిళంలో ఇదే కుదురు నుంచి ఒక అపురూపమైన మాట ఉంది. పసలై. సంగం కవిత్వంలో మగడు దూరమైన ఆడదాని ఒంటిమీదికి ఎక్కే పాలిపోయిన పచ్చటి వన్నె. తిరుక్కురళ్‌లో 119వ అధ్యాయం మొత్తం దానిమీదే. అందులో నాయిక ఆ రంగుతో ఒక మనిషితో మాట్లాడినట్టు గొడవపడుతుంది. అతను కౌగిలి సడలించడం ఆలస్యం, అది వచ్చి కూర్చుంటుందట. అది ఆకుపచ్చా పసుపా అని వ్యాఖ్యాతలను అడిగితే ఒక్కొక్కరు ఒక్కో రంగు చెబుతారు. నా లెక్కలో అడిగిన ప్రశ్నే తప్పు.

నిఘంటుపురుగు | మంగళవారం, ఉదయం 8:50

ఇదే నేను రాద్దామనుకుని నిద్రొచ్చి ఆపేశాను! తెలుగులో దానికి అక్క వరస మాట ఉంది: పసిమి. "పసిమి ఛాయ" అంటాం కదా, ఆడపిల్ల ఒంటిరంగును మెచ్చుకుంటూ. ఇప్పుడు పాత నవలల్లో తప్ప పెద్దగా కనపడదు. చిత్రం చూడండి, ఒకే కుదురులోంచి వచ్చిన మాట తమిళంలో విరహం, తెలుగులో అందం. ఒంటికి పసుపు రాసుకుని స్నానం చేసే అలవాటు ఉన్న చోట పచ్చటి ఒళ్లు కళ కాక ఏమవుతుంది?

అమ్మా పడుగుపేకా, మీ చీరకు "పసిమి" అని పేరు పెట్టండి. నా మాట వినండి.

అద్దకం బాబాయి | మంగళవారం, ఉదయం 9:15

పేరు ఏది పెట్టినా నాకు అభ్యంతరం లేదు గానీ పసిమి అంటే ఏ డబ్బా తియ్యాలో నాకు తెలియదు సారూ. మాది చీరాల దగ్గర, నూలుకు రంగులేస్తాం. ఈ రంగు ఎప్పుడూ పసుపు వైపు నుంచే రావాలి. నిమ్మపసుపు కలిపి, అందులో నీలం కొంచెం కొంచెంగా చేరుస్తూ ప్రతిసారీ ఒక చిలప (నూలు కట్ట) ముంచి ఆరబెట్టి చూసుకోవాలి. తడి మీద ఒక రంగు, ఆరితే ఒక రంగు. నీలం ఒక్క పిసరు ఎక్కువైందా చిలకపచ్చ అయిపోతుంది. ఇక వెనక్కి రాదు. ఆ తొట్టిని చిలకపచ్చ కిందే వాడుకోవాలి.

ఇంకోటి. పట్టు మీద, నూలు మీద ఒకేలా పడదు. పట్టు మెరుస్తుంది కాబట్టి ఇంకాస్త పసుపుగా కనపడుతుంది.

కలంకారీ కుర్రోడు | మంగళవారం, ఉదయం 11:02

బాబాయి గారన్నది మా పనిలోనూ అంతే. మాది శ్రీకాళహస్తి, చేత్తో కలం పట్టి వేసే పని. మా దగ్గర ఆకుపచ్చ అని విడిగా రంగే లేదు. నీలి వేసిన చోట మీద పసుపు వేస్తాం, కళ్ల ముందే ఆకుపచ్చ అవుతుంది. పసుపు కరక్కాయ పువ్వు నుంచి తీస్తాం. కింద నీలి పల్చగా ఉండి, పైన పసుపు రెండు పూతలు పడితే మీరంతా చెప్పుకుంటున్న రంగు వస్తుంది.

కానీ ఆ పసుపు ఎక్కువ కాలం నిలవదు, ఎండకు ఎగిరిపోతుంది. మచిలీపట్నం నుంచి ఓడల్లో యూరప్ వెళ్లిన పాత అద్దకం గుడ్డలు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి ఫొటోలు చూడండి, ఆకులు నీలంగా కనపడతాయి. ఆ రోజుల్లో నీలం ఆకులు వేశారని కాదు. పైనున్న పసుపు పోయి, కిందున్న నీలి మిగిలింది. ఎప్పుడో పచ్చగా ఉన్న తోటలన్నమాట.

పాతకాగితం | మంగళవారం, మధ్యాహ్నం 12:40

సంస్కృతం గురించి ఎవరూ ఎత్తలేదేమిటా అని ఎదురుచూస్తున్నాను. తెలుగు ఒక్కటే రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని అనుకోకండి. సంస్కృతంలో "హరి" అనే మాట చేసిన పనీ ఇదే. హరితం అంటే ఆకుపచ్చ, హరిద్ర అంటే పసుపు, హరితాళం అంటే పసుప్పచ్చటి ఖనిజం, హిరణ్యం అంటే బంగారం, అన్నీ ఒకే ఇంటివి. అమరకోశంలో ఈ రెండు రంగులూ ఒకే పాదంలో కాపురం చేస్తాయి:

పీతో గౌరో హరిద్రాభః పాలాశో హరితో హరిత్

ముందు సగం పసుపు, వెనక సగం ఆకుపచ్చ, మధ్యలో గోడ ఏమీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్తే ఋగ్వేదం మొదటి మండలం 50వ సూక్తం. సూర్యుడికి మొర: "హృద్రోగం మమ సూర్య హరిమాణం చ నాశయ". నా గుండె జబ్బునూ నా హరిమాణాన్నీ పోగొట్టు అని. హరిమాణం అంటే ఒళ్లు పచ్చబడటం, కామెర్లు. ఆ తర్వాతి మంత్రంలో ఆ పచ్చదనాన్ని తీసి ఎక్కడ పెడతానంటాడో తెలుసా? చిలకల్లో! "శుకేషు మే హరిమాణం". కామెర్ల రంగు పసుపు, చిలక ఆకుపచ్చ, అయినా ఆ ఋషికి రెండూ ఒకే రంగు. నాది కాని రంగును దాని సొంతదారుకు ఇచ్చేస్తున్నాను అన్నట్టుంది.

గ్రీకులో దీనికి చుట్టం "ఖ్లోరోస్". హోమరు తేనెకూ ఆ మాటే వాడతాడు, భయంతో పాలిపోవడానికీ అదే వాడతాడు, అప్పుడే కొట్టిన పచ్చి కట్టెకూ అదే. పచ్చి కట్టె! నిఘంటుపురుగు గారూ, మీ "పచ్చి"కి ఈ మాటతో ఏ చుట్టరికమూ లేదు, ద్రావిడం వేరు, గ్రీకు వేరు. అయినా రెండు భాషలూ లేతదనాన్నీ ఈ రంగునూ ఒకే తాటికి కట్టాయి. ఆ ఖ్లోరోస్ నుంచే 1810లో హంఫ్రీ డేవీ ఒక వాయువుకు క్లోరిన్ అని పేరు పెట్టాడు. దాని రంగు ఏమిటనుకున్నారు, పసుపు కలిసిన ఆకుపచ్చే. ఆకుల్లోని క్లోరోఫిల్ కూడా ఆ మాటే. ఇంగ్లిషు ఎల్లో, గోల్డ్ ఆ వంశంలో ఇంకో కొమ్మ.

డాక్టరమ్మ | మంగళవారం, మధ్యాహ్నం 3:55

పాతకాగితం గారు కామెర్లు ఎత్తారు కాబట్టి నేను ఆగలేను. మనవాళ్లు "పచ్చకామెర్లు" అనడం ఊరికే కాదు. ఒంట్లో ఎర్రరక్తకణాలు విరిగినప్పుడు ముందు బైలివెర్డిన్ అనే ఆకుపచ్చ పదార్థం పుడుతుంది, అది మారి బైలిరూబిన్ అవుతుంది, ఇది పసుపు. దెబ్బ తగిలి కమిలిన చోట చూడండి, ముందు ఊదా, కొన్ని రోజులకు ఆకుపచ్చ, పోయేముందు పసుపు. ఆకుపచ్చకూ పసుపుకూ మధ్య ఉన్న దారి మన చర్మం కిందే ఉంది.

అసలు ఈ చర్చకు శీర్షిక "పసుపాకుపచ్చకు అరుదైన పేరు" అని పెట్టుకుంటే ఇంగ్లిషులో షార్ట్రూజ్ కంటే అరుదైనది ఇంకొకటి ఉంది, ఇక్టరైన్. వైద్యంలో కామెర్లను ఇక్టెరస్ అంటాం. గ్రీకులో ఇక్తెరోస్ అంటే ఈ జబ్బూ, ఒక పచ్చటి పిట్టా. కామెర్లున్నవాడు ఆ పిట్టను చూస్తే జబ్బు నయమవుతుందనీ, పిట్ట చచ్చిపోతుందనీ రోమన్ రచయిత ప్లినీ రాశాడు. వేదంలో చిలక, అక్కడ ఇంకో పిట్ట. జబ్బు మాత్రం పాపం ఎప్పుడూ పిట్టల మీదికే. ఇక్టరైన్ వార్బ్లర్ అని ఇప్పటికీ ఒక చిన్న పిట్టకు పేరుంది, పొట్ట పసుపు, వీపు ఆకుపచ్చ కలిసిన బూడిద.

ఎవరికైనా కళ్లు పచ్చబడితే పిట్టలను వెతక్కుండా రక్తపరీక్ష చేయించుకోండి. పసరు మందు కోసం ఊళ్లు తిరగడం కూడా వద్దు.

వరంగల్ పోరడు | మంగళవారం, సాయంత్రం 4:10

పచ్చకామెర్లోనికి లోకమంత పచ్చగనే కనిపిస్తదంటరు గద, గది గూడ షార్ట్రూజేనా డాక్టరమ్మా?

డాక్టరమ్మ | మంగళవారం, సాయంత్రం 4:30

అది సామెత బాబూ. నేను చూసిన పేషెంట్లెవరికీ లోకం పచ్చగా కనపడలేదు. వాళ్లే లోకానికి పచ్చగా కనపడ్డారు.

టెన్నిస్ తాతయ్య | మంగళవారం, సాయంత్రం 6:48

మరి టెన్నిస్ బంతి సంగతి? మా కాలంలో తెల్ల బంతులే. కలర్ టీవీలో తెల్లది సరిగా ఆనడం లేదని 1972లో అంతర్జాతీయ సమాఖ్య పచ్చ బంతికి అనుమతిచ్చింది. వింబుల్డన్ వాళ్లు మాత్రం 1986 దాకా తెల్ల బంతినే పట్టుకు వేలాడారు. నియమాల్లో దాన్ని "ఎల్లో" అంటారు. మా మనవరాలు "గ్రీన్" అంటుంది, మా అబ్బాయి "ఎల్లో" అంటాడు. అన్నం దగ్గర కూడా ఇదే గొడవ. 2018లో ఫెదరర్‌ను ఎవరో అడిగితే ఎల్లోనే అన్నాడు, అయినా మనవరాలు ఒప్పుకోలేదు.

స్క్రీన్‌రంగులు | మంగళవారం, రాత్రి 8:19

తాతయ్య గారూ, మీరు "పచ్చ బంతి" అని రాశారు చూశారా? తెలుగులో ఆ గొడవే రాదు!

బంతికి ఆ రంగు ఎందుకంటే, పగటి వెలుతురులో మనిషి కన్ను అన్నిటికంటే తేలిగ్గా పట్టేది 555 నానోమీటర్ల దగ్గరి కాంతిని. అది ఆకుపచ్చ పసుపు వైపు ఒరిగే చోటు. అమెరికాలో బడుల దగ్గర పెట్టే హెచ్చరిక బోర్డులు, రోడ్డు పనివాళ్లు వేసుకునే కోట్లు అందుకే ఆ మెరిసే రంగులో ఉంటాయి. మన ట్రాఫిక్ పోలీసుల జాకెట్లు కూడా. మనం రేడియం రంగు అనేది ఇదే. అందులో రేడియం ఏమీ ఉండదు, అది వేరే కథ.

భాషాసేవకుడు | మంగళవారం, రాత్రి 9:05

ఇంత చర్చ జరిగింది కాబట్టి ఒక ప్రతిపాదన. "హరితపీతము" అని పదం స్థిరపరుద్దాం. పారిభాషికంగా నిర్దుష్టంగా ఉంటుంది.

అద్దకం బాబాయి | మంగళవారం, రాత్రి 9:12

ఆ మాట పలికేలోపు తొట్టిలో నూలు ముదురు రంగైపోద్ది సారూ.

నిఘంటుపురుగు | మంగళవారం, రాత్రి 9:30

😂 బాబాయి గారికి నా ఓటు. భాషాసేవకుడు గారూ, కోపం తెచ్చుకోకండి. జనం రంగులకు పేర్లు వస్తువుల నుంచి తీసుకుంటారు. వంగపండు, ఉల్లిపొర, కనకాంబరం, గంధం, నెమలికంఠం. ఫ్రెంచివాళ్లూ చేసింది అదే, వాళ్ల వస్తువు సీసా. రెండు రంగుల పేర్లను సంధి చేసి కట్టిన మాట ఏ చీరల కొట్లోనూ బతకదు.

భాషాసేవకుడు | మంగళవారం, రాత్రి 9:44

ఆకుపచ్చ, పసుపుపచ్చ సమాసాలే కదండీ? అవి బతకలేదా?

నిఘంటుపురుగు | మంగళవారం, రాత్రి 9:58

బతికాయి, ఎందుకంటే వాటిలో ఆకు ఉంది, పసుపుకొమ్ము ఉంది. చేత్తో పట్టుకోవచ్చు. హరితాన్ని ఎవరు పట్టుకున్నారు?

మైలాపూర్ తెలుగు | మంగళవారం, రాత్రి 10:15

అయితే వస్తువు చెప్పండి. నా ఓటు లేత అరిటాకుకు. సుడి విచ్చుకుంటున్నప్పటి ఆకు. రోజూ కళ్లబడే వస్తువే, ముదురు ఆకుతో తికమక లేదు.

వరంగల్ పోరడు | మంగళవారం, రాత్రి 10:22

మా దిక్కు అరటిచెట్లు తక్కువ. మోదుగాకు జెప్తే తెలుస్తది.

పాతకాగితం | మంగళవారం, రాత్రి 10:41

పోరడా, తెలియకుండానే అమరకోశం చెప్పావు. పలాశం అంటే మోదుగ. పైన రాసిన పాదంలో "పాలాశో హరితో" అన్నాడే, ఆ పాలాశం మోదుగాకు రంగే. కాకపోతే అది ముదురాకు, ఈ చీరకు పనికిరాదు.

పడుగుపేక | గురువారం, ఉదయం 10:30

రెండు రోజులు మగ్గం పనిలో పడి రాలేకపోయాను. అందరి పోస్టులూ మా అత్తగారికి చదివి వినిపించాను (సీసా సంగతి వదిలేసి). డాలస్ ఆవిడకు ఫోన్ చేసి "ఆకుపచ్చ వైపా, పసుపు వైపా" అని అడిగాను. పసుపు వైపేనట. వాళ్లమ్మాయి కాలేజీ టెన్నిస్ ఆడుతుందట, బంతి రంగులో చీర కావాలని పట్టుబట్టిందట! తాతయ్య గారూ, మీరు ముందే పట్టేశారు.

పడుగు పసుపు, పేక ఆకుపచ్చ పెట్టి డబుల్ షేడ్ నేద్దామా అని మావారు అన్నారు. అలా చేస్తే దూరానికి ఈ రంగే వస్తుంది, కానీ కుచ్చిళ్లు కదిలినప్పుడల్లా ఒకసారి పసుపు, ఒకసారి ఆకుపచ్చ కొడుతుంది. ఆవిడకు బంతిలాగే ఒకే రంగు కావాలి. అందుకని పడుగూ పేకా రెండూ ఒకే తొట్టిలో ముంచిన నూలే. మా అద్దకం ఆయనకు "నిమ్మపసుపులో నీలం చుక్క" అని అద్దకం బాబాయి గారి మాటే చెప్పాను. "ముందే ఇలా చెబితే అయిపోయేది కదమ్మా" అన్నారు. నమూనా చిలప ఆరింది, బాగా వచ్చింది.

బిల్లులో ఆవిడ కోసం షార్ట్రూజ్ అనే రాస్తాను. మా కేటలాగులో మాత్రం "లేత అరిటాకు". నిఘంటుపురుగు గారూ, పసిమి నాకూ నచ్చింది గానీ ఆ మాట వింటే కొనేవాళ్లు ఫేస్‌క్రీమ్ అనుకుంటారేమో అని మావారి భయం.

ఇంకొక్క సాయం. నిజాం బోర్డర్‌కు జరీ సరే, జరీ పక్కన వచ్చే గీతకు ఏ రంగు పెడితే బాగుంటుంది? ఎరుపు పెడితే మరీ కొట్టొచ్చినట్టుంది.

స్క్రీన్‌రంగులు | గురువారం, ఉదయం 10:52

అంకెల్లో చెప్పాలంటే ఈ రంగుకు సరిగ్గా ఎదురు రంగు ఎరుపు 128, ఆకుపచ్చ 0, నీలం 255. అంటే ఊదా. రెండూ పక్కపక్కన పెడితే ఒకదాన్నొకటి లేపుతాయి.

అద్దకం బాబాయి | గురువారం, ఉదయం 11:03

అంకెలెందుకు, వంగపండు రంగు వెయ్యమ్మా. నూలు నా దగ్గర సిద్ధంగా ఉంది, ఎన్ని చిలపలు కావాలో చెప్పు.